ఒకే అప్పు, 43 ఊళ్లు: కబురు ఎక్కడ పాకింది, ఎక్కడ ఆగింది

సంస్థ ఒకటే. అప్పు, వడ్డీ, ఫారం అన్నీ ఒకటే. సిబ్బంది ఊళ్లోకి వెళ్లే పద్ధతి కూడా ఒకటే. అయినా ఒక ఊళ్లో నూటికి 7 ఇళ్లు చేరాయి, మరో ఊళ్లో 44 చేరాయి. మిగతా ఊళ్లు ఈ రెండింటి మధ్య ఎక్కడెక్కడో ఉన్నాయి. సగటు తీస్తే 18 శాతం చిల్లర.

ఇలాంటి తేడా కనిపిస్తే మా రంగంలో వెంటనే వినిపించే మాటలు రెండు. "ఆ ఊరి జనం చురుకు" అంటారు, లేదా "ఈ ఊళ్లో రాజకీయాలు ఎక్కువ" అంటారు. రెండూ పని అయిపోయాక చెప్పే కారణాలే. పని మొదలుపెట్టకముందే ఏ ఊళ్లో ఎంత పాకుతుందో చెప్పగలమా? గ్రామస్థాయి పథకాలు ఊళ్లోకి ఎలా అడుగుపెట్టాలో ప్రణాళిక రాయడం నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. దీనికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు ఇచ్చినది కర్ణాటకలోని 43 ఊళ్ల కేసు. కొత్తగా చేరిన ఫీల్డ్ సిబ్బందికి నేను ముందు చెప్పేది దీని గురించే. ఆ జవాబు ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా అదే పూట చెబుతాను.

అప్పు, అది ఊళ్లోకి వచ్చిన తీరు

భారత స్వముక్తి సంస్థ బెంగళూరు కేంద్రంగా నడిచే మైక్రోఫైనాన్స్ సంస్థ. దక్షిణ కర్ణాటకలో 75 పల్లెల్లోకి వెళ్లాలని అది అనుకుంది. బెంగళూరు నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలో ఉండే ఊళ్లవి. అప్పటిదాకా అక్కడ మైక్రోఫైనాన్స్ జాడ దాదాపు లేదు. బ్యాంకు అప్పు అందేది కూడా కొద్దిమందికే. సంస్థ ఇచ్చేది మన పల్లెలకు బాగా తెలిసిన రకం అప్పే. 18 నుంచి 57 ఏళ్ల ఆడవాళ్లకు మాత్రమే ఇస్తారు. ఐదుగురు కలిసి ఒక గ్రూపు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది. మొదటి అప్పు సుమారు 10,000 రూపాయలు, తీర్చడానికి 50 వారాల కిస్తీలు. ఏడాదికి లెక్కేస్తే వడ్డీ 28 శాతం దాకా ఉంటుంది.

ఈ సంస్థ సిబ్బంది ఊళ్లోకి వెళ్లి దండోరా వేయించరు. ముందే అనుకున్న జాబితా ప్రకారం కొందరిని కలుస్తారు: టీచర్లు, కిరాణా కొట్టువాళ్లు, పొదుపు సంఘం లీడర్లు, అలాంటివాళ్లు. వాళ్లకు విడిగా విషయం చెప్పి, ఫలానా రోజు మీటింగ్ ఉందని నలుగురికీ చెప్పమంటారు. ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. ఒక ఊళ్లో కొట్టు యజమాని ఊరందరితో కలిసిపోయే మనిషి కావచ్చు. ఇంకో ఊళ్లో ఆయన లెక్క చూసుకుని తలుపు వేసుకునే రకం కావచ్చు. సంస్థకు అదేమీ పట్టలేదు, కొట్టు ఉంటే చాలు. అందువల్ల మొదటి కబురు ఊరి సంబంధాల్లో ఎక్కడ పడిందన్నది ఊరికో రకంగా, దాదాపు లాటరీలాగా తేలింది. పరిశోధకులకు చిక్కిన అవకాశం అదే.

వాళ్లు అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్. సంస్థ కంటే ముందే, 2006లో, వీళ్ల బృందం ఆ 75 ఊళ్లలో ఇంటింటి లెక్క తీసింది. సంస్థ 2007 నుంచి ఒక్కో ఊరు మొదలుపెట్టుకుంటూ వెళ్లి చివరికి 43 ఊళ్ల దగ్గర ఆగింది. ఎవరు చేరారు, ఎవరు చేరలేదన్నది దాని రికార్డుల్లోనే ఉంది. ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో అచ్చయ్యాయి.

బియ్యం తక్కువైతే ఎవరింటికి వెళతారు?

ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చింది సర్వేలో అడిగిన ప్రశ్నలు. "మీకు ఎంతమంది స్నేహితులు?" అని అడిగితే వచ్చే జవాబు ఎందుకూ పనికిరాదు. ఒకాయన ఊరంతా నావాళ్లే అంటాడు, ఒకావిడ నాకెవరున్నారు నాయనా అంటుంది. వీళ్లు పేర్లు అడిగారు. ఎవరింటికి వెళుతుంటారు, మీ ఇంటికి ఎవరొస్తారు? గుడికో మసీదుకో చర్చికో ఎవరితో కలిసి వెళతారు? కిరోసిన్, బియ్యం అయిపోతే ఎవరింట్లో అడుగుతారు, మిమ్మల్ని ఎవరడుగుతారు? డబ్బు చేబదులు ఎవరిస్తారు? ఒంట్లో బాగోలేకపోతే ఎవరు పరుగెత్తుకొస్తారు? ఏదైనా తేల్చుకోవాలంటే ఎవరి సలహా తీసుకుంటారు? ఇలా పన్నెండు రకాల సంబంధాల గురించి, ఊళ్లో దాదాపు సగం ఇళ్లవాళ్లను వివరంగా అడిగారు. ఆ పేర్లన్నీ కలిపి గీస్తే ప్రతి ఊరికీ ఇళ్ల మధ్య సంబంధాల పటం వచ్చింది.

ఈ పటం అప్పు రాకముందే గీశారన్నది చిన్న విషయం కాదు. మామూలుగా మేము పథకం పూర్తయ్యాక వెళ్లి "మీరు దీనిలో ఎందుకు చేరారు?" అని అడుగుతాం. అప్పటికి అందరూ ఒకే గ్రూపులో వారం వారం కూర్చుని ఉంటారు, కొత్తగా స్నేహాలు కుదిరి ఉంటాయి. స్నేహం వల్ల చేరారో, చేరాక స్నేహమైందో అప్పుడు విడదీయడం ఎవరి తరమూ కాదు. ముందు తీసిన పటం లేకుండా "నెట్‌వర్క్ వల్లే పాకింది" అని రాసే రిపోర్టులను నేను పెద్దగా నమ్మను.

ఎక్కువమంది తెలిసినవాడు ఎందుకు పనికిరాలేదు

మొదటి అంచనా ఎవరైనా వేసేదే. సంస్థ కలిసిన లీడర్లకు సంబంధాలు ఎంత ఎక్కువ ఉంటే ఆ ఊళ్లో అంత ఎక్కువమంది చేరాలి. లెక్కలో అది నిలబడలేదు. లీడర్లకు నేరుగా ఎన్ని ఇళ్లతో సంబంధం ఉందన్న సంఖ్యకూ, ఆ ఊళ్లో చివరికి ఎంతమంది చేరారన్నదానికీ చెప్పుకోదగ్గ పొత్తు లేదు.

నిలబడింది ఇంకో కొలత. ఆ లీడరు తెలిసినవాళ్లకు ఎంతమంది తెలుసు, వాళ్లకు తెలిసినవాళ్లకు మళ్లీ ఎంతమంది తెలుసు అని అంచెలంచెలుగా చూసేది. గణితంలో దీన్ని ఐగెన్‌వెక్టర్ సెంట్రాలిటీ అంటారు. పేరు భయపెట్టేలా ఉన్నా లోపలి మాట తేలికే: నువ్వు ఎంతమందిని ఎరుగుదువన్నది పక్కన పెట్టు, నువ్వెరిగినవాళ్లు ఎలాంటివాళ్లో చెప్పు. ఇరవై ఇళ్లు తెలిసిన మనిషి ఉంటాడు, ఆ ఇరవై ఇళ్లూ ఒకే వీధిలో ఒకరికొకరు తెలిసినవే. ఆయనకు చెప్పిన కబురు ఆ వీధిలోనే గిరికీలు కొడుతుంది. ఆరు ఇళ్లే తెలిసిన ఆవిడ ఉంటుంది, ఆ ఆరూ ఆరు వాడల్లో ఉంటాయి. కబురు వీధి దాటాలంటే రెండో మనిషి కావాలి.

దీన్నే ఇంకాస్త పనికొచ్చేలా మలిచి 'డిఫ్యూజన్ సెంట్రాలిటీ' అనే కొలత తయారుచేశారు. ఒకరికి విషయం చెబితే, ప్రతి విడతలోనూ విన్నవాళ్లు తమవాళ్లకు కొంత సంభావ్యతతో చెబుతూ పోతే, కొన్ని విడతలయ్యాక మొత్తం ఎన్నిసార్లు ఆ మాట జనం చెవిన పడుతుందన్నది దీని లెక్క. విడతలకు హద్దు ఉండటమే ఇందులో అసలు తెలివి. పల్లెల్లో ఏ కబురైనా కలకాలం తిరగదు. కొన్నాళ్లు మాట్లాడుకుంటారు, తరువాత ఇంకో విషయం వస్తుంది.

అదే అధ్యయనంలో నన్ను బాగా ఆలోచింపజేసిన అంకెలు రెండున్నాయి. అప్పు తీసుకున్న ఇల్లు తన వాళ్లలో ఒక్కొక్కరికి ఒక విడతలో ఆ విషయం చెప్పే సంభావ్యతను మోడల్ 0.35గా అంచనా వేసింది. విషయం తెలిసీ అప్పు తీసుకోని ఇంటికి అది 0.05 మాత్రమే. ఏడో వంతు. ఇది చూసి "చేరనివాళ్లతో పనేముంది" అనుకుంటాం. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. నూరిళ్లలో 18 చేరాయనుకుందాం. 18ని 0.35తో గుణిస్తే 6.3. మిగిలిన 82ని 0.05తో గుణిస్తే 4.1. ఇళ్లన్నిటికీ విషయం తెలిసి ఉండదు కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం తగ్గుతుంది. పరిశోధకుల లెక్కలో మొత్తం వ్యాప్తిలో దాదాపు మూడో వంతు చేరనివాళ్ల నోటి ద్వారానే జరిగింది. "వద్దమ్మా, నాకు వారం వారం కిస్తీ టెన్షన్ పడదు" అని పంపేసిన ఆవిడే సాయంత్రం పంపు దగ్గర "ఇలాంటి అప్పేదో ఇస్తున్నారట" అని చెబుతుంది. మా సిబ్బంది యాప్‌లో ఆవిడ పేరు పక్కన 'ఆసక్తి లేదు' అని నొక్కి మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. నేను ఈ అలవాటుతో ఎప్పుడూ గొడవ పడుతుంటాను.

ఇంకో విషయం చాలామందికి మింగుడుపడదు. విషయం తెలిసిన ఇల్లు అప్పు తీసుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు, తన స్నేహితుల్లో ఎంతమంది తీసుకున్నారన్నది చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదు. అంటే "పక్కింటావిడ తీసుకుంది, నేనూ తీసుకుంటా" అన్న ధోరణి ఇక్కడ బయటపడలేదు. స్నేహితులు చేసిన మేలు సమాచారం మోయడం వరకే. నా అంచనాలో దీనికి కారణం ఆ అప్పు స్వభావం. అప్పు అంటే ఏమిటో, కిస్తీ అంటే ఏమిటో ఆ ఊరి ఆడవాళ్లకు ముందే తెలుసు. పొదుపు సంఘాలు అప్పటికే ఉన్నాయి. ఫలానా చోట, ఫలానా షరతులతో దొరుకుతోందని తెలియడమే కొరత. ఆ కొరత తీరాక ఎవరి అవసరం వాళ్లు చూసుకున్నారు.

పటం లేకుండా అడిగితే?

ఇదంతా విని మా డైరెక్టర్లు అడిగే మొదటి మాట: ప్రతి ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పన్నెండు రకాల ప్రశ్నలు ఎవరడుగుతారు, దానికి డబ్బెవరిస్తారు? న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఆ బృందమే వెతికింది, ఈసారి అసలైన ప్రయోగంతో.

కర్ణాటకలోనే 213 ఊళ్లు తీసుకున్నారు. ఊరికి ముగ్గురికో ఐదుగురికో ఒక విషయం చెప్పారు: ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే ఫోనో నగదో బహుమతి గెలుచుకునే అవకాశం ఉంది, అందరికీ చెప్పండి. ఒకరికి వస్తే ఇంకొకరికి తగ్గే బహుమతి కాదు కాబట్టి దాచుకోవాల్సిన పనిలేదు. కొన్ని ఊళ్లలో ఆ తొలి మనుషులను చీటీ తీసినట్టు ఎంచారు. కొన్ని ఊళ్లలో ఊరి పెద్దలను ఎంచారు. ఇంకొన్ని ఊళ్లలో ముందుగా ఊరివాళ్లనే అడిగారు: "ఊరందరికీ ఒక విషయం తెలియాలంటే ఎవరికి చెబితే సరిపోతుంది?" అలా వచ్చిన పేర్లకు చెప్పారు.

చీటీ తీసిన ఊళ్లలో సగటున 8 కాల్స్ వచ్చాయి. జనం పేర్లు చెప్పిన ఊళ్లలో అంతకంటే దాదాపు 4 ఎక్కువ వచ్చాయి. ఊరి పెద్దల ద్వారా చెప్పిన చోట చీటీ ఊళ్లతో పోలిస్తే గట్టిగా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. సర్పంచ్ ఇంటి అరుగు మీదే మొదటి మీటింగ్ పెట్టే మా ఆనవాయితీ మీద ఇది నేరుగా తగులుతుంది. పెద్దమనిషి అనుమతి తీసుకోవడం మర్యాద, అది తప్పదు. కబురు ఆయన మోస్తాడనుకోవడమే దండగ.

తరువాత హరియాణాలో పిల్లల టీకాల మీద ఇంకా పెద్ద ఎత్తున చేశారు. నెలనెలా జరిగే టీకా క్యాంపు సంగతి ఊళ్లో చెప్పమని కొందరికి ఫోన్‌లో సందేశాలు పంపేవారు. జనం చెప్పిన పేర్లను ఎంచుకున్న ఊళ్లలో, చీటీ తీసిన ఊళ్ల కంటే క్యాంపుకు వచ్చిన పిల్లల సంఖ్య దాదాపు 22 శాతం ఎక్కువగా ఉంది.

మనవాళ్లకు సంబంధాల పటం గీయడం రాకపోవచ్చు, కానీ ఎవరి నోట పడితే ఊరంతా గుప్పుమంటుందో తెలుసు. ఆ పేరు ఎంతోకాలంగా అన్ని దిక్కుల నుంచీ వాళ్ల చెవిన పడుతూ ఉంటుంది. ఫలానావిడ చెప్పింది, ఫలానావిడ చెప్పింది అని. ఆ వినికిడే వాళ్ల కొలత. మేమూ ఇప్పుడు ఈ ప్రశ్న వాడుతున్నాం. వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) వెళ్లి "అక్కా, ఈ వాడలో ఒక సంగతి అందరికీ తెలియాలంటే ఎవరికి చెప్పమంటావు?" అని అడుగుతుంది. ముందు "అందరికీ నువ్వే చెప్పుకోవమ్మా" అంటారు. కాస్త ఆగితే పేరు వస్తుంది, నవ్వు కూడా వస్తుంది. ఆ నవ్వు వచ్చిందంటే పేరు సరైనదేనని నా నమ్మకం.

ఒక జాగ్రత్త మాత్రం మన పల్లెల నుంచే చెప్పాలి. ప్రశ్న ఊరికి ఒక్కసారి అడిగితే ఆధిపత్య కులం వీధి పేర్లే వస్తాయి. కర్ణాటక పటాల్లో కూడా కులాల మధ్య గీతలు పలచగా, కులం లోపల దట్టంగా ఉన్నాయి. అందుకని ఎస్సీ వాడలో విడిగా, బీసీ వీధుల్లో విడిగా, తండా ఉంటే అక్కడా విడిగా అడగాలి.

ఇంకో వాదం కూడా ఉంది, నాకు అది సబబుగానే తోస్తుంది. విషయం నోటి మాటతో తేలికగా పాకే రకమైతే, సరైన ముగ్గురిని వెతకడానికి పెట్టే ఖర్చుతో యాదృచ్ఛికంగా ఇంకో నలుగురైదుగురికి చెబితే దాదాపు అదే ఫలితం వస్తుందని కొందరు గణితంతో చూపించారు. సర్వే ఖరీదై, మనుషులను కలవడం చవకైనచోట పటాల జోలికి వెళ్లకుండా ఎక్కువమందిని కలవడమే మేలు.

మైకు పెడితే పోలా?

పోదు. ఇది ఒడిశాలో తేలింది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక నిబంధనలు రోజుకొకటి మారుతుండేవి. జనానికి ఏం చెల్లుతుందో, ఎప్పటిదాకా జమ చేయవచ్చో అయోమయం. ఆ డిసెంబరులో బెనర్జీ, చంద్రశేఖర్, ఎమిలీ బ్రెజా, బెంజమిన్ గోలుబ్ 200కు పైగా ఊళ్లలో నిబంధనల కరపత్రాలు పంచారు. కొన్ని ఊళ్లలో ఇంటింటికీ ఇచ్చారు, కొన్నిట్లో ఐదిళ్లకే ఇచ్చారు. ఎవరెవరికి ఇచ్చారో ఊరికి చెప్పడం, చెప్పకపోవడం అని అందులో మళ్లీ రెండు రకాలు.

ఐదిళ్లకే ఇచ్చి ఆ సంగతి ఊరందరికీ చెప్పినచోట జనం ఎక్కువ మాట్లాడుకున్నారు, నిబంధనలు ఎక్కువ తెలుసుకున్నారు. ఇంటింటికీ ఇచ్చి "అందరికీ ఇచ్చాం" అని చెప్పినచోట సంభాషణలే తగ్గాయి. కారణం మనకు తెలియనిదేం కాదు. అందరికీ కాగితం అందిందని తెలిశాక దాని గురించి అడిగితే "చదివినా అర్థం కాలేదు కాబోలు" అనుకుంటారని సిగ్గు. ఐదుగురికే ఇచ్చారని తెలిస్తే అడగడంలో చిన్నతనం లేదు.

అందుకే కొంచెం గజిబిజి విషయం, అంటే బీమా క్లెయిమ్, సబ్సిడీ అర్హత లాంటివి ఊళ్లోకి తీసుకెళ్లేటప్పుడు మేము కరపత్రాల గుట్ట పంచడం తగ్గించాం. ఎవరిని అడగాలో ఊరికి చెప్పి వదిలేస్తాం.

ఇద్దరు చెబితేగానీ కదలనివి

ఇంతవరకూ చెప్పినవన్నీ చెవిన పడితే సగం పని అయిపోయే విషయాలు. వ్యవసాయ పద్ధతి అలాంటిది కాదు. ఆఫ్రికాలోని మలావీలో మొక్కజొన్నకు గుంతలు తీసి విత్తే పద్ధతిని 200 ఊళ్లలో ప్రవేశపెట్టి చూశారు. లోరీ బీమన్, ఏరియల్ బెన్‌ఇషే, జెరెమీ మాగ్రూడర్, ముష్ఫిక్ మొబారక్ చేసిన ఆ అధ్యయనం 2021లో వచ్చింది. ఊరికి ఇద్దరు రైతులకు శిక్షణ. ఆ ఇద్దరినీ ఎంచిన తీరే తేడా: కొన్ని ఊళ్లలో వ్యవసాయ విస్తరణ అధికారి ఎంచాడు. కొన్నిట్లో ఇళ్ల మధ్య దూరం చూసి ఎంచారు. మిగతావాటిలో సంబంధాల పటం చూసి, "ఒక్కరి నోట వింటే చాలు" అన్న లెక్కతో కొన్నిచోట్ల, "కనీసం ఇద్దరి దగ్గర చూస్తేగానీ నమ్మరు" అన్న లెక్కతో కొన్నిచోట్ల ఎంచారు.

అధికారి తన ఇష్టప్రకారం ఎంచిన ఊళ్లలో దాదాపు సగం చోట్ల, సీజన్లు గడిచినా ఆ ఇద్దరు తప్ప మూడో మనిషి గుంత తీయలేదు. ఫలితాలు మొత్తంగా "ఇద్దరి దగ్గర చూడాలి" అన్న లెక్క వైపే మొగ్గాయి. ఆ లెక్కలో ఎంచుకునే ఇద్దరూ ఊరి రెండు చివర్లలో ఉండరు. ఇద్దరికీ తెలిసినవాళ్లు కొందరు ఉమ్మడిగా ఉండేలా దగ్గర దగ్గరగా ఉంటారు. అప్పు కబురు లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ తొలి మనుషులను ఊరంతా చెదరగొట్టాలి, ఇక్కడ ఒకచోట పోగేయాలి.

నా పనిలో అంచనాలు తేలేదీ, తప్పేదీ ఈ మలుపు దగ్గరే. పథకం రాగానే నేను మొదట అడిగేది: ఇది తెలియక ఆగుతుందా, తెలిసీ నమ్మకం చాలక ఆగుతుందా? ఎకరం పంటను పణంగా పెట్టమని అడిగేది ఏదైనా రెండో రకమే.

ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) ఇందుకు మంచి ఉదాహరణ. పత్తికి పురుగుమందు కొట్టి కొట్టి అప్పుల్లో మునిగిన ఊరు అది. వేపకషాయాలు, ఎర పంటలతో కొద్దిమంది మొదలుపెట్టారు. మిగతావాళ్లు ఆ పొలాలు పక్కనుంచి చూశారు. తరువాత పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇంట్లో పట్టుబట్టారు. 2004 నాటికి ఊరే పురుగుమందులు మానేసింది. ఒకే రైతు ఒకే పొలంలో చూపించి ఉంటే పక్కవాళ్లు "వాడి అదృష్టం" అనేవాళ్లు. పక్కపక్కన పొలాలు, పైగా ఇంట్లో ఆడవాళ్ల ఒత్తిడి తోడైతేనే అది ఊరి నిర్ణయమైంది.

అదే పత్తి, వరంగల్ జిల్లాలో, దీనికి ఎదురు కథ చెప్పింది. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక అక్కడి రైతులు ఏ విత్తనం ఎందుకు ఎంచుకుంటున్నారో మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ ఏళ్లతరబడి గమనించారు. ఒక ఏడాది ఒక ఊళ్లో అందరూ ఒకే రకం విత్తనం కోసం ఎగబడేవాళ్లు. పక్క ఊళ్లో ఇంకో రకం. మరుసటి ఏడాది అది మాయం. పొలంలో పరీక్షించి నేర్చుకోవడం కనిపించలేదు. అందరూ అందరినీ చూసి కొంటున్నారు. మార్కెట్లోకి కొత్త పేర్లు వచ్చే వేగానికి పరీక్షించే తీరిక ఎక్కడిది? ఇలాంటి చోట ఏ పటం గీసినా, ఏ పేరున్న విత్తనం గెలుస్తుందో ముందే చెప్పలేం. ఏదో ఒకటి గెలుస్తుందని మాత్రం చెప్పగలం. పాకింది కాబట్టి మంచిదేనన్న మాటను అప్పటి నుంచి నేను ఒప్పుకోవడం మానేశాను.

పటం మీద లేనివి

43 ఊళ్ల కథలో రెండు చేర్పులున్నాయి. శిక్షణల్లో వీటిని ఎందుకో వదిలేస్తుంటారు.

మొదటిది: అప్పు ఆ ఊళ్ల సంబంధాలనే మార్చేసింది. అదే బృందం తరువాత మళ్లీ వెళ్లి పటాలు గీసి, సంస్థ వెళ్లిన ఊళ్లనూ వెళ్లని ఊళ్లనూ పోల్చింది. వెళ్లిన ఊళ్లలో ఇళ్ల మధ్య గీతలు తగ్గాయి. అప్పు తీసుకునే అవకాశం తక్కువగా ఉన్న ఇళ్ల మధ్య కూడా తగ్గాయి. హైదరాబాద్ బస్తీల్లో వేరే మైక్రోఫైనాన్స్ సంస్థ మీద జరిగిన ప్రయోగంలోనూ ఇదే పోకడ కనిపించింది. చేబదులు అడగడం తగ్గితే ఆ ఇంటికి వెళ్లడం తగ్గుతుంది, వెళ్లడం తగ్గితే మాటా తగ్గుతుంది. ఈ నష్టం అప్పు జోలికి వెళ్లనివాళ్లకూ తగిలింది. ముందు గీసిన పటం పట్టుకుని రెండో పథకం ప్లాన్ చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండోది మన రాష్ట్రం సంగతి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, వారం కిస్తీలను నెలకు మార్చింది, ఇంటి గుమ్మంలో వసూళ్లను ఆపించింది. వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వచ్చాక తీసుకున్న చర్య అది. ఆ తరువాత రాష్ట్రంలో ఈ సంస్థల వసూళ్లు కుప్పకూలాయి. అప్పటిదాకా ఇంటి నుంచి ఇంటికి మెల్లగా పాకిన పద్ధతి ఒక్కసారిగా ఆగిపోయింది.

దీన్ని ఏ సెంట్రాలిటీతోనూ అంచనా వేయలేం. గ్రూపు అప్పు నిలబడేది "మిగతా నలుగురూ కడతారు" అన్న నమ్మకం మీద. ఆ నమ్మకం పోవడానికి కబురు ఒకరి నుంచి ఒకరికి పాకనక్కర్లేదు. టీవీలో వచ్చింది, పేపర్లో వచ్చింది, ఊళ్లో అందరికీ ఒకే రోజు తెలిసింది. పైగా అందరికీ తెలిసిందని అందరికీ తెలిసింది. ఎక్కడానికి నెలలు పట్టిన మెట్లు దిగడానికి ఒక్క ప్రకటన చాలింది.

ప్రస్తుతం మేము రాసే కాగితం

ఊళ్లోకి వెళ్లకముందు ప్రతి పథకానికి ఒక కాగితం రాయిస్తున్నాను. ఇది చెవిన పడితే చాలా, లేక కళ్లతో రెండుచోట్ల చూడాలా అన్నది మొదటి గడి. మొదటి రకమైతే ప్రతి వాడలోనూ జనం చెప్పిన పేర్లు, వాటికి తోడు ఇంకొన్ని ఇళ్లు. రెండో రకమైతే పక్కపక్క పొలాలున్న, ఉమ్మడి స్నేహితులున్న రైతుల జతలు. ఎన్ని జతలన్నది నిధులను బట్టి. తక్కువ నిధులుంటే తక్కువ ఊళ్లకు వెళ్లండి గానీ ఊరికి ఒకే రైతును పెట్టి పది ఊళ్లు చూపించకండి అని గట్టిగా చెబుతాను. రిపోర్టులో ఊళ్ల సంఖ్య బాగుండాలని పైవాళ్లు ఒత్తిడి పెడతారు, అది వేరే యుద్ధం.

తరువాతి గడిలో అంచనా రాస్తారు: ఏ వాడలో ముందు పాకుతుంది, ఏ వాడలో ఆగుతుంది, ఎందుకని. శాతాలు అడగను, ఊళ్లను వరుసక్రమంలో పెట్టమంటాను. మొదటి సీజన్ అయ్యాక ఆ వరుసను వచ్చిన ఫలితంతో పక్కపక్కన పెట్టి చూస్తాం. కాగితం మీద పెన్నుతో రాయించడానికి కారణముంది. యాప్‌లో రాస్తే ఫలితం వచ్చాక సవరించేస్తారు.

చివరి గడి ఈమధ్యే కలిపాం: ఇది ఒక్కరోజులో కూలిపోవాలంటే ఏం జరగాలి? సబ్సిడీ ఆగిపోవడం, డీలరు అరువు మానేయడం, ఒక కోర్టు ఉత్తర్వు, ఒక వీడియో. చాలామంది సిబ్బంది ఈ గడిని ఖాళీగా వదిలి తెస్తారు. అలా తెచ్చిన కాగితాల మీద నేను సంతకం పెట్టను.